దూరపు గొంతుల వేట

మన తడకు చెన్నపట్టణము చేరువ. అచ్చట 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టిగారి చొరవతో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు మొదలయ్యెను. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో కేంద్రము వెలసెను. చేరువ కేంద్రమును వినుటలో వింత లేదు. షార్టువేవుపై దూరదేశపు గొంతును పట్టుటయే వేడుక.

ఆ వేడుకకు నిశ్చయము లేదు. హ్రస్వతరంగములు భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున గల అయనావరణమును తాకి, వంగి, దూరతీరమున దిగును. ఆ పొరను నిలుపునది సూర్యరశ్మి. కావున రేయింబవళ్లు, ఋతువులు, సుమారు 11 ఏండ్లకు హెచ్చి తగ్గు సూర్యుని మచ్చలు దానిని మార్చుచుండును. నిన్న పలికిన కేంద్రము నేడు పలుకకపోవచ్చును.

అయినను కొన్ని రాత్రులు ఆ నిరీక్షణము వేడుకను మించినది. 1942 ఫిబ్రవరిలో జర్మనీలోనున్న సుభాసుచంద్ర బోసుగారి కంఠము రేడియోలో వినవచ్చెను. ఆ ఆగస్టు 27న ఉషా మెహతా ప్రభృతులు బొంబాయిలో రహస్య కాంగ్రెసు రేడియోను 42.34 మీటర్లపై నడపనారంభించి, నవంబరు 12న పట్టుబడిరి. పత్రికలకు సంకెళ్లున్న ఆ దినములలో చెవియే పత్రిక.

శ్రోత తేది, వేళ, తరంగము, విన్న విషయము వ్రాసి పంపినచో కేంద్రము ధ్రువీకరణ కార్డు పంపెడిది. వినని మాట వ్రాయరాదన్నదే ఆ విద్యకు నియమము.

బి.బి.సి. హిందీ షార్టువేవు ప్రసారము సైతము 2020 జనవరిలో ముగిసినది. గొంతులు పోయినను కార్డులు, నోటుపుస్తకములు మిగులును. అట్టివి మీ పెట్టెలలో నున్నచో పారవేయక గ్రంథాలయమునకు ఒసగుడు. అవియు మన చరిత్రయే.