బేరియాట్రిక్ సర్జరీ: తొలి వారాల బరువు తగ్గుదల

స్థూలకాయానికి చేసే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, గ్యాస్ట్రిక్ బైపాస్ వంటి ఆపరేషన్ల తర్వాత మొదటి ఒకటి రెండు నెలల్లో బరువులో కనిపించే మార్పు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని మూడొంతులకు పైగా తొలగిస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ కూడా తగ్గుతుంది.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు తూకం చూస్తే ఒక్కోసారి ఒకటి రెండు కిలోలు పెరిగి ఉంటుంది. అది ఎక్కించిన సెలైన్ బరువే, కొవ్వు కాదు. తర్వాత మొదటి రెండు వారాల్లో ముల్లు చకచకా దిగుతుంది. దీనిలోనూ నీటి వాటా పెద్దదే: కాలేయం, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ ప్రతి గ్రాముకూ సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, తిండి తగ్గగానే రెండూ కలిసి పోతాయి.

మూడో వారం అటూఇటుగా తూకం కదలకపోవడం సర్వసాధారణం. రోజుకు నాలుగు చెంచాల పప్పుకట్టు, పలచని మజ్జిగతో గడుపుతున్నవారికి ఇది అన్యాయంగానే తోస్తుంది. శరీరం నీటిని తిరిగి నిలుపుకుంటోందంతే. కొవ్వు కరుగుతూనే ఉంటుంది, జాకెట్టు వదులవుతుంది. ఈ దశలో తిండి ఇంకా తగ్గించుకోవడం తప్పు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందకపోతే కండ కరుగుతుంది.

మొదటి బరువు, వయసు, మధుమేహం, ఆపరేషన్ రకాన్ని బట్టి తగ్గుదల మారుతుంది కాబట్టి పక్కింటివారితో పోలిక పనికిరాదు. మొత్తం బరువులో పాతిక నుంచి ముప్పై శాతం తగ్గడానికి సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఆగని వాంతులు, జ్వరం, గుండెదడ ఉంటే మాత్రం తూకం సంగతి పక్కనపెట్టి వెంటనే సర్జన్‌ను కలవాలి.