పత్తికట్టె నార

ఫిబ్రవరి నెల, ఇంకా తెల్లవారలేదు. పెదనందిపాడు నుంచి పర్చూరు వెళ్లే దారిలో, నల్లరేగడి చేల నడుమ ఒక మిరప కల్లంలో ఉన్నారు మీరు. రాత్రి కాయల మీద కప్పిన పట్టాలు మంచుకు తడిసిపోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఘాటు గొంతుకు తగులుతోంది. కల్లానికి కావలి పడుకున్న పెద్దమ్మ అప్పటికే లేచి, గాలివాలు చూసుకుని, కాయలకు దూరంగా మూడు రాళ్లు పేర్చింది. టీ పెట్టాలి.

గట్టు మీద పత్తికట్టె మోపులున్నాయి. మీరు పైనున్న కట్టెకు చెయ్యి చాపుతారు.

"పైది తీయమాక, చెమ్మగా ఉంటది. లోపలికి చెయ్యి పెట్టు."

నడుమ నుంచి వేలిలావు కట్టె లాగి విరిస్తే ఫట్‌మంటుంది. అయినా రెండు ముక్కలూ విడిపోవు. బెరడు పట్టుకుని వేలాడుతుంటాయి. కావలసింది ఆ బెరడే. గోటితో అంచు లేపి లాగండి, మూరెడు పొడవున ఊడొస్తుంది. నాలుగు కట్టెలవి ఒలిచి అరచేతుల మధ్య నలిపితే గోధుమరంగు పైపొట్టు రాలిపోయి, లోపలి నార పోగులు పోగులుగా విడిపోతుంది. గోంగూర, బెండ, పత్తి ఒకే కుటుంబపు మొక్కలు. గోగు కాడకు తాళ్లు పేనే నార ఎక్కడుంటుందో పత్తికట్టెకూ అక్కడే, బెరడులోనే ఉంటుంది.

నారను పిచ్చుకగూడులా వదులుగా చుట్టి రాళ్ల మధ్య పెడతారు. పోగుల సందుల్లో గాలి ఆడుతుంది కాబట్టి ఒక్క అగ్గిపుల్ల చాలు. డొప్పలో మిగిలిన దూది పింజ కూడా వేసి చూడండి. భగ్గున లేచి, పుల్ల అంటుకునేలోపే ఆరిపోతుంది. నార అలా కాదు. మంట తగ్గినా అంచుల్లో ఎర్రగా పాకుతుంటుంది, మెల్లగా ఊదితే మళ్లీ లేస్తుంది. నల్లమలలో చెంచులు చెకుముకి రాయి మీద ఇనుము కొట్టి, రవ్వను బూరుగు దూదిలో పట్టేవారు. రవ్వ పట్టడానికి దూది, మంట నిలపడానికి నార.

సన్నపుల్లలు, వాటిపైన కట్టెలు. గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. ఇందుకోసం బతికున్న ఏ చెట్టునూ ఒలవక్కర్లేదు, పంట అయిపోయిన కట్టే ఇస్తుంది. పైగా ఈ కట్టెను అంటుకున్న ఎండుకాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. తొలకరికి ముందే మోపులు పొయ్యిలోకి పోతే వంటకూ మేలే, చేనుకూ మేలే.

టీ తాగి లేవబోతుంటే పెద్దమ్మ ఆపుతుంది. బిందెలో నీళ్లు ముంచి పోసి, పుల్లతో బూడిద కలియబెట్టి, మళ్లీ పోస్తుంది.

"నారలో నిప్పు తొందరగా చావదు. ఏడాది కష్టమంతా ఆ పట్టాల కింద ఉంది. ఇంకో చెంబు పొయ్యి."