ట్రంకు

ఒకప్పుడు రామచంద్రపురమునుండి మద్రాసునకో హైదరాబాదునకో మాటాడఁగోరినవారు ‘ట్రంకాలు’ బుక్కుచేసి, ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అను తరగతులలో తమ చేతి రొక్కమునకు తగినదాని నెన్నుకొని, మూఁడేసి నిమిషముల లెక్కన గడియారమును చూచుచు మాటాడెడివారు. లాటినున చెట్టు బోదెకు పేరైన ‘ట్రుంకస్’ ఈ మాటకు మూలము. ఇండ్ల తీగెలన్నియు కొమ్మలవలె వచ్చి కలియుటచేత ఊరికిని ఊరికిని నడిమి లైను ట్రంకైనది. ట్రంకుపెట్టె, ట్రంకురోడ్డు దీని తోఁబుట్టువులే.

1960లో కాన్పూరు లక్నోల నడుమ, బుకింగు లేక నేరుగా డయలు చేయు ఎస్.టి.డి. మొదలైన పిదప బుకింగు క్రమముగా అంతరించెను గాని మాట అంతరింపలేదు. మన రామచంద్రపురపు ఎస్.టి.డి. కోడు 08857లోని మొదటి సున్నను ఇంజనీర్లు నేఁటికిని ‘ట్రంకు ప్రిఫిక్సు’ అనియే వ్యవహరింతురు.

అట్లే ఇంటర్నెట్టు ఫోనులలో రెండు నెట్‌వర్కుల పొలిమేరన నిలుచు సెషన్ బోర్డర్ కంట్రోలరునందు, ఒక గేట్‌వేకు పోవు దారుల నొక్క పేరున కూర్చి, ఐ.పి. చిరునామాను, సాధారణముగా 5060 అగు సిప్ (కాల్సును నెలకొల్పు ప్రోటోకాలు) పోర్టును, ఏకకాలమున సాగఁదగిన కాల్సు పరిమితిని, ఒక దారి చెడినచో పట్టవలసిన మఱియొక దారిని నిర్ణయించినచో అది ‘ట్రంకు గ్రూపు’. వీనిలో పరిమితియే నాకు మిక్కిలి ముఖ్యముగా తోఁచును: అది లేనిచో ఒక్కసారిగా పైకొన్న కాల్సు గేట్‌వే నాక్రమింపఁగా, వైద్యుని కొఱకు చేసిన పిలుపునకు సైతము దారి దొరకకపోవచ్చును.