కాలయంత్రమూ, మగ్గమూ

ఆదోని జిన్నింగు మిల్లులలో ప్రత్తిని, ఎమ్మిగనూరు మగ్గాలమీద బట్టను చూస్తూ పెరిగిన విద్యార్థికి 'ది టైమ్ మెషీన్' నవల దూరపుకథగా తోచదు. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ దానిని 1895లో ప్రకటించాడు.

ఆ కథానాయకుడు కాలయంత్రమెక్కి క్రీ.శ. 8,02,701వ సంవత్సరానికి పోతాడు. అప్పటికి మానవజాతి రెండుగా చీలిపోయింది. నేలమీద పనిపాటలెరుగని సుకుమారులు ఎలోయిలు. భూగర్భపు చీకటిలో యంత్రాలు నడిపేవారు మోర్లాకులు. పైవారి బట్టలు క్రిందివారే తయారుచేస్తారు. రాత్రివేళ పైవారినే పట్టి తింటారు!

ఇంతటి ఘోరమైన ఊహ వెల్సుకు ఎట్లా కలిగింది? ఆయన 1884లో లండనులో హక్స్లీ వద్ద జీవశాస్త్రం చదివాడు. యజమానికీ శ్రామికునికీ నడుమ ఆనాటి ఇంగ్లండులో పెరుగుతున్న అంతరాన్ని కన్నులారా చూశాడు. ఆ అంతరం లక్షల ఏండ్లు సాగితే పరిణామ సూత్రం ప్రకారం మనుష్యులు ఏమవుతారని యోచించాడు.

కాలంలో వెనుకకు పోగల యంత్రాన్ని ఇంతవరకు ఎవరూ నిర్మించలేదు. అయినా ఆ ఊహ చావలేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' చిత్రంలో అటువంటి యంత్రాన్నే శ్రీకృష్ణదేవరాయల కాలానికి నడిపించారు.

యంత్రంకన్న వెల్స్ వేసిన ప్రశ్న గట్టిది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతపనివారి సహకార సంఘాన్ని స్థాపించారు. నేసినవానికి తన శ్రమఫలంలో భాగముండాలన్నది సహకార సూత్రం. వెల్స్ నవలలోని చీలికకు విరుగుడు వెదికే మార్గాలలో ఇదొకటి. మనం కట్టిన బట్టను ఎవరు నేశారు, వారెట్లా బ్రతుకుతున్నారు? తరగతిలో ఈ నవల చదివినప్పుడు ఉపాధ్యాయులు ఈ ప్రశ్న అడిగి చూడవచ్చు.