ఎండ, నీరు, ఒక ఆదేశం

వానలు నిండుగా కురిసిన యేట కొల్లేటి గట్టున నిలబడితే ఎండకూ కొదవ లేదు, నీటికీ కొదవ లేదు. అయినా ఆ ఎండ ఆ నీటిని ఆవిరి చేయగలదే గాని విడగొట్టలేదు. ఆ పని చేస్తున్నది మనమందరమూ పీకి పారేయాలనుకొనే గుర్రపుడెక్క. దాని ఆకు వెలుతురును పట్టి నీటిని చీలుస్తుంది. ఆమ్లజనిని గాలిలోకి వదిలి, ఉదజనిని తన పిండిపదార్థంలో దాచుకొంటుంది. ఆకు చేసే పనిని రాతిపొడి చేత చేయించి ఉదజనిని విడిగా రాబట్టాలన్న ప్రయత్నానికి అర్ధశతాబ్ది దాటిన చరిత్ర ఉన్నది.

ఉదజని అన్న మాట మా తరం పాఠ్యపుస్తకాలలోనిది. ఉదమంటే నీరు; మండి నీటిని పుట్టించేది గనుక ఆ పేరు. అట్టిదాన్ని తిరిగి నీటినుండి పుట్టించడమే ఇక్కడి చిక్కు.

1972లో ఫుజిషిమా, హోండా అనే జపాను శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. టైటానియం డయాక్సైడు పలకను ప్లాటినానికి తీగతో కలిపి, నీటిలో ఉంచి, పలకపై వెలుగు ప్రసరింపజేస్తే నీరు విడిపోయింది. టైటానియం మనకు పరాయిది కాదు. భీమునిపట్నం ఇసుకలోని ఇల్మెనైటు దాని ఖనిజమే. అయితే ఈ అర్ధవాహకంలో ఎలక్ట్రానును కదిలించడానికి సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంతటి శక్తి అతినీలలోహిత కిరణాలకే ఉన్నది. ఎండలో వాటి వాటా 5 శాతం లోపే.

తక్కిన ఎండను వాడుకొనే దారిగా 2001లో అసాహి బృందం సైన్స్ పత్రికలో నత్రజనిని ముందుకు తెచ్చింది. స్ఫటికంలో కొన్ని ఆమ్లజని పరమాణువులను తొలగించి, వాటి చోట నత్రజనిని కూర్చోబెట్టారు. తెలుగు పండితునికి ఇది సుపరిచితమే. ఒక వర్ణాన్ని తొలగించి దాని స్థానంలో మరొకటి రావడం ఆదేశం. దేనినీ తొలగించకుండా పక్కన చేరడం ఆగమం. మొదటిదాన్ని శత్రువుతోను, రెండవదాన్ని మిత్రునితోను పోల్చడం మన సంప్రదాయం. ఇక్కడా ఆదేశం శత్రుత్వం చూపింది. పొడి కనబడే వెలుగును పీల్చుకొన్నది గాని, కొత్తగా చేరిన పరమాణువులే చాలా చోట్ల ఎలక్ట్రానులకు ఉచ్చులైనాయి. పట్టిన వెలుగు పనికి రాకముందే వేడిగా మారిపోయింది.

ఆగమపు దారిలో మన కడపకూ చోటున్నది. యోగి వేమన విశ్వవిద్యాలయ పరిశోధకులు టైటానియం డయాక్సైడు మీద రాగి ఆక్సైడు సూక్ష్మకణాలను నిలిపి, గ్లిసరాలు కలిపిన నీటినుండి ఎండలో ఉదజనిని రాబట్టి 2013లో ప్రకటించారు. అయితే అక్కడ గ్లిసరాలు తానే ఆహుతి అవుతుంది. ఇది శుద్ధజలాన్ని చీల్చడం కాదు.

ఆదేశం మిత్రుడైనది స్ట్రాన్షియం టైటనేటులో. కొన్ని టైటానియం పరమాణువుల చోట అల్యూమినియం రాగా, ఉచ్చులు తగ్గాయి. దానికి తగిన సహాయక ఉత్ప్రేరకాలు కూడా తోడై, 2020లో 96 శాతం సామర్థ్యం సాధించారు. ఆ అంకె చదివి పొంగిపోయినవారిలో నేనొకణ్ణి. తరువాత నిదానంగా చూస్తే అది 350–360 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికి మాత్రమే. అదే పదార్థంతో 2021లో 100 చదరపు మీటర్ల పలకలు ఆరుబయట పెడితే, ఎండ మొత్తంలో ఉదజనిగా మారినది అత్యధికంగా 0.76 శాతం.

రెండు అంకెలూ నిజమే. మొదటిదే చెప్పి రెండవది దాచితే అబద్ధమవుతుంది. 2025 జనవరిలో పూడిమడకలో శంకుస్థాపన జరిగిన ఉదజని కేంద్రం కూడా నమ్ముకొన్నది సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టే పద్ధతినే. పొడి ఇంకా ప్రయోగశాల గడప దగ్గరే ఉన్నది. గట్టు కింద గుర్రపుడెక్క మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా తన పని తాను చేసుకుపోతున్నది.