రెండు గర్భసంచులు, రెండు కాన్పులు

స్త్రీ గర్భసంచికి రెండు గదులుంటాయని, కుడి గదిలో మగబిడ్డ, ఎడమ గదిలో ఆడబిడ్డ పెరుగుతారని ఐరోపా వైద్యులు వెయ్యేళ్లకు పైగా నమ్మారు. ఆ నమ్మకానికి బలమిచ్చింది 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ మాట. ఆయన కోసి చూసింది కోతులను, పందులను, మేకలను. మధ్యయుగాల్లో ఆ రెండు గదులూ ఏడయ్యాయి! చివరికి 1543లో వెసాలియస్ మనుషుల శవాలను పరీక్షించి, గది ఒక్కటేనని బొమ్మ వేసి చూపించాడు.

అయితే కొద్దిమంది స్త్రీల విషయంలో రెండు ఉంటాయన్న ఆ పాత మాట నిజమే. 1752లో స్ట్రాస్‌బర్గ్‌లో ఐసెన్‌మన్ అనే వైద్యుడు జంట గర్భసంచి మీద నాలుగు చిత్రపటాలతో పుస్తకమే వేశాడు. దీని మూలం 1830లో యోహానెస్ ముల్లర్ పరిశోధనతో తేలడం మొదలైంది. ఆడపిండంలో మొదట రెండు నాళాలుంటాయి. అవి కలిసి ఒకే సంచి అవుతాయి. కలవకపోతే దేని దారి దానిదే. సుమారు రెండు, మూడు వేల మందిలో ఒకరికి ఇలా జరుగుతుందని అంచనా. రెండింటిలోనూ ఒకేసారి కడుపు పండడం మరీ అరుదు.

అక్కడే ప్రమాదమూ ఉంది. ఒక్క నాళంతో ఏర్పడిన సంచి చిన్నది. బిడ్డ తిరగడానికి చోటు చాలక ఎదురుకాళ్లతో నిలవవచ్చు, లేదా నెలలు నిండకముందే నొప్పులు మొదలుకావచ్చు. రెండు సంచులకూ ఒకేసారి నొప్పులు రావాలని లేదు. ఒక కాన్పు అయ్యాక రెండోది గంటలు ఆగవచ్చు, వారాలూ ఆగవచ్చు. రక్తస్రావాన్ని రెండు చోట్లా కనిపెట్టాలి. స్కానింగ్ లేని రోజుల్లో మంత్రసానికి రెండో సంచి సంగతి ముందుగా తెలిసే వీలు తక్కువ. బిడ్డ పుట్టి, మాయ పడ్డాక కూడా పొట్ట తగ్గకపోతే అప్పుడు అనుమానం. 1958లో గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ బృందం అల్ట్రాసౌండ్ గురించి లాన్సెట్ పత్రికలో రాశాక గానీ స్కానింగ్‌తో కడుపులోకి చూసే దారి తెరుచుకోలేదు.

ఆ చూపు ముందే దక్కితే ఏమవుతుందో 2023 డిసెంబరులో అమెరికాలోని అలబామాలో కనిపించింది. తనకు రెండు గర్భసంచులున్నాయని అక్కడి ఒక తల్లికి 17వ ఏటి నుంచే తెలుసు. రెండింటిలోనూ బిడ్డలున్నారని 8 వారాలకే స్కాన్‌లో తేలింది. 39 వారాలకు వైద్యులే నొప్పులు తెప్పించారు. 19వ తేదీ రాత్రి ఒక పాప మామూలు కాన్పులో, 20 తెల్లవారుజామున మరో పాప సిజేరియన్‌తో పుట్టారు.

2019లో బంగ్లాదేశ్‌లోని ఒక పేద యువతికి ఆ అదృష్టం లేదు. ఫిబ్రవరిలో మగబిడ్డను కని ఇంటికెళ్లింది. 26 రోజులకు మళ్లీ నొప్పులొస్తే జెస్సోర్‌లో మరో ఆస్పత్రికి తీసుకొచ్చారు. రెండో సంచిలో కవలలున్నారని అక్కడి స్కాన్‌లోనే తెలిసింది. అత్యవసరంగా సిజేరియన్ చేసి తల్లినీ కవలలనూ కాపాడారు. అంతవరకూ ఆమెకు ఒక్కసారి కూడా స్కానింగ్ జరగలేదు.