తేలినీలాపురం పెలికాన్లు: గూటికి గ్రామమే కాపలా, మేతకు దిక్కేది?

శ్రీకాకుళం జిల్లా తీరంలో టెక్కలి మండలం తేలినీలాపురం, ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి గ్రామాలు నీటిపక్షుల విడిదులుగా ప్రసిద్ధి పొందాయి. ఈ రెండు చోట్లా పక్షులు ఇళ్ల నడుమ ఉన్న చెట్లపైనే గూళ్లు కట్టుకుంటాయి. వాటి రాకను శుభసూచకంగా భావించే గ్రామస్థులు వాటికి హాని తలపెట్టరు. అయితే పక్షులు మేతకు వెళ్లే చిత్తడి నేలలకు, చెరువులకు అంతటి రక్షణ లేదు.

ఏ పక్షులు, ఎక్కడ?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉత్తరాంధ్రలోని సొంత ఊళ్లకు ప్రయాణించే హౌరా-చెన్నై మార్గం ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డు మీదుగా సాగి ఇచ్ఛాపురం, నౌపడ చేరుతుంది. నౌపడ పరిసరాల్లోని ఉప్పు మడులు, చిత్తడి నేలలు, సముద్రపు పాయలే తేలినీలాపురం పక్షులకు మేత స్థలాలు. ఇక్కడికి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు శీతాకాలం ముందు వచ్చి, పిల్లలు ఎగరగలిగాక వేసవి నాటికి వెళ్లిపోతాయి. తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు తొలకరి వేళ చేరుకుంటాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ప్రచారంలో ఉన్నా, ఈ మూడు జాతులూ దక్షిణాసియాలో స్థిరంగా నివసించేవే. అందువల్ల ఇక్కడి గూళ్లకు నష్టం జరిగితే ఆ జాతుల సంతతికే నష్టం.

మానవ కారక ప్రమాదాలు

చిత్తడి నేలలు తరిగిపోవడం ప్రధాన ముప్పు. 2010 జూలై 14న సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన రైతులు, మత్స్యకారులపై జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణనష్టం సంభవించింది. ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. నౌపడకు చేరువలోని కాకరాపల్లిలో కూడా 2011 ఫిబ్రవరిలో ఇటువంటి ఉద్రిక్తతే కాల్పులకు దారితీసింది. బీల నీటిపై పక్షులే కాదు, మనుషుల జీవనమూ ఆధారపడి ఉందని ఈ ఘటనలు తెలిపాయి. విద్యుత్ తీగలు, తెగిపడిన వలలు, రొయ్యల చెరువుల వ్యర్థజలాలు ఇతర ప్రమాదాలు.

ప్రకృతి ప్రమాదాలు

తీరంలో తుపానుల కాలం, గూళ్లు కట్టే కాలం దాదాపు ఒకటే. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో చెట్లను పెద్దఎత్తున కూల్చివేసింది. గూడు కట్టే చెట్టు కూలితే, దాని స్థానంలో మొక్క ఎదిగి పక్షికి ఆశ్రయమివ్వడానికి ఏళ్లు పడుతుంది.

వ్యాధులు మరో ముప్పు. 2021 చివర, 2022 ఆరంభంలో తేలినీలాపురంలో వందకు పైగా పెలికాన్లు మృతి చెందాయి. నెమటోడ్ జాతి పరాన్నజీవి పురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. ఇవి చేపల ద్వారా పక్షుల కడుపులోకి చేరతాయి. చెట్టుపై ఎంత కాపలా ఉన్నా ఈ మరణాలు ఆగేవి కావు.

రక్షణ మార్గాలు

కొల్లేరు సరస్సులోని ఆటపాకలో పెలికాన్లు గూళ్లు కట్టుకునేందుకు ఇనుప స్టాండ్లు ఏర్పాటు చేశారు. చెట్లు కూలిన చోట ఇది తక్షణ ఉపాయం. చింత వంటి చెట్లను పెంచడం శాశ్వత పరిష్కారం. అదే కొల్లేరులో 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లను తొలగించారు. గూడుతో పాటు నీటినీ కాపాడాలన్నది ఆ చర్యలోని సూత్రం.

గ్రామస్థాయిలో పాటించదగినవి:

• గూళ్లున్న చెట్లను నరకరాదు. సమీపంలో బాణసంచా కాల్చరాదు.
• పాడైన వలలను, గాలపు తాళ్లను నీటిలో వదిలేయరాదు.
• గూటి నుంచి జారిపడిన పిల్లలను అటవీ సిబ్బందికి అప్పగించాలి.
• చనిపోయిన పక్షులను చేతులతో తాకకుండా వెంటనే అటవీ, పశుసంవర్ధక శాఖలకు తెలపాలి. ఆలస్యమైతే మరణ కారణం గుర్తించడం కష్టమవుతుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం ఈ పక్షులను వేటాడడం, గుడ్లు తీయడం శిక్షార్హం. మేత నీటి నాణ్యతపై క్రమం తప్పని పరీక్షలు కూడా తోడైతేనే గ్రామస్థుల కాపలాకు పూర్తి ఫలితం దక్కుతుంది.